గీటురాయి మీద జోడు గీత

నా ముందు ఒక అమెరికా పేటెంటు మొదటి పేజీ ఉంది. నంబరు 6,285,999. 1998 జనవరి 9న దరఖాస్తు పడింది, 2001 సెప్టెంబరు 4న మంజూరైంది. ఆవిష్కర్త లారెన్స్ పేజ్, ఊరు స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా. హక్కు స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీది. గూగుల్‌కు మూలమైన పేజ్‌ర్యాంక్ పేటెంటు ఇదే. పేరూ ఊరూ తేదీల తర్వాత చిన్న అక్షరాల్లో ఒక జాబితా ఉంటుంది. ఈ దారిలో ఇంతకుముందు నడిచినవాళ్ల పేటెంట్లు, వ్యాసాలు అందులో వరసగా ఉంటాయి. చాలామంది చూపు అక్కడిదాకా పోదు. నంబరు చూస్తారు, పేజీ తిప్పేస్తారు.

ఆ జాబితా సంగతి తెలియాలంటే మన రిజిస్ట్రేషన్ దస్తావేజును గుర్తు చేసుకుంటే చాలు. పొలం అమ్మినప్పుడు అందులో చెక్కుబందీ రాస్తారు. తూర్పున ఫలానావారి చేను, పడమర డొంక, దక్షిణాన పంట కాలువ, ఉత్తరాన ఫలానావారి గట్టు. నా హద్దు ఎక్కడ మొదలైందో చెప్పాలంటే పక్కవాడి హద్దు ఎక్కడ ఆగిందో రాయక తప్పదు. పేటెంటులో ఆ ఉటంకింపుల జాబితా చేసే పనీ అదే. ఇంతవరకూ పాతవాళ్లది, ఇక్కడినుంచి నాది అని చట్టం ముందు ఒప్పుకోవడం. మర్యాదకు రాసేది కాదు, గొప్ప కోసం రాసేదీ కాదు. తప్పు రాస్తే హక్కుకే చేటు. అందుకే ఆ జాబితాకు ఒక బరువుంది.

1993లో ముగ్గురు ఆర్థికశాస్త్రజ్ఞులు ఇలాంటి చెక్కుబందీలు వేల సంఖ్యలో ముందు పరుచుకుని, ఒక ఊళ్లో పుట్టిన తెలివి పక్కింటికి ఎలా చేరుతుందో చదివారు. ఆడమ్ జాఫీ, మాన్యుయెల్ ట్రాక్టెన్‌బర్గ్, రెబెక్కా హెండర్సన్. ఒకరు హార్వర్డ్‌లో, ఒకరు టెల్ అవీవ్‌లో, ఒకరు ఎమ్.ఐ.టి.లో పనిచేస్తుండేవారు. వ్యాసం క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనమిక్స్‌లో వచ్చింది. పాతిక పేజీలు కూడా లేదు. మంచి పనితనం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నేను చూపించే కొద్ది వ్యాసాల్లో ఇదొకటి.

దీని విలువ తెలియాలంటే ముందు మామూలు లెక్క సంగతి చూడాలి. ఫలానా రాష్ట్రానికి ఇన్ని పేటెంట్లు, ఫలానా నగరం ఇన్నో స్థానం అని పేపర్లలో వార్తలు వస్తుంటాయి. ఆ లెక్కకు ఆధారం మొదటి పేజీలోని అడ్రసే. అడ్రసు ఉంది కాబట్టి ఊరివారీగా విడదీయొచ్చు, తేదీ ఉంది కాబట్టి ఏడాదివారీగా పేర్చొచ్చు. కొత్త ఆలోచన అనే కంటికి కనపడని వస్తువుకు పేరూ ఊరూ తేదీ కలిపి రాసిపెట్టిన ఇంత పెద్ద చిట్టా ఇంకొకటి దొరకడం కష్టం. అందుకే పరిశోధకులు దీన్ని అంత ఇష్టంగా పట్టుకున్నారు.

ఆ ఇష్టం వృథా కాలేదు. కెన్నెత్ సోకొలాఫ్ అనే ఆర్థిక చరిత్రకారుడు 1988లో చేసిన పని చూడండి. ఆయన తీసుకున్నది 1790 నుంచి 1846 దాకా ఉన్న అమెరికా పేటెంట్లను. 1836 డిసెంబరులో వాషింగ్టన్ పేటెంట్ ఆఫీసు తగలబడి, అప్పటిదాకా పోగైన దాదాపు పదివేల పేటెంట్ల కాగితాలు బూడిదయ్యాయి. పేరు, ఊరు, తేదీ మాత్రం జాబితాల్లో మిగిలాయి. ఆ మిగిలిన మూడు ముక్కలతోనే ఆయన ఏ కౌంటీలో తలకు ఎన్ని పేటెంట్లో లెక్కగట్టి, పక్కన పడవలు నడిచే కాలువల పటం పెట్టారు. 1825లో ఈరీ కాలువ పూర్తిగా తెరుచుకుంది. కాలువ ఏ కౌంటీకి చేరిందో అక్కడ పేటెంట్లు పెరిగాయి. ఊరి సరుకు దూరపు సంతకు పోయే దారి పడగానే రైతులూ కమ్మర్లూ పనిముట్ల గురించి కొత్తగా ఆలోచించడం మొదలుపెట్టారు. ఆవిష్కరణ మేధావుల తలల్లోనే పుట్టే మెరుపు కాదు, అది కాలువ నీటి వెంట కూడా నడిచి వస్తుందని ఆయన పాత జాబితాలతో చూపించారు.

అయితే లెక్క చేతికి వచ్చింది కదా అని కళ్లు మూసుకుంటే ప్రమాదం. 1979లో అమెరికాలో మంజూరైన పేటెంట్ల సంఖ్య ఒక్కసారిగా పడిపోయింది. గ్రాఫు చూసినవాడు ఆ ఏడాది దేశమంతా నిద్రపోయిందనుకుంటాడు. జరిగింది వేరు. ఆమోదం పొందిన పేటెంట్లను అచ్చు వేయడానికి ఆఫీసులో డబ్బులు లేవు. పేటెంట్ లెక్కల మీద 1990లో ఆర్థికశాస్త్రజ్ఞుడు జ్వీ గ్రిలికస్ రాసిన పెద్ద సమీక్షలో ఈ సంగతి ఉంది. దాన్ని చదివినవాడు మంజూరు తేదీని నమ్మడు, దరఖాస్తు తేదీని చూస్తాడు. అదే ఏడాది ట్రాక్టెన్‌బర్గ్ సి.టి. స్కానర్ల పేటెంట్లను పట్టుకుని, వాటి సంఖ్యకన్నా తర్వాతివాళ్లు వాటిని ఎన్నిసార్లు ఉటంకించారన్నదే వాటి అసలు విలువకు దగ్గరగా ఉందని చూపించారు. పది చెట్లున్న తోట అనగానే సరిపోదు, ఏ చెట్టు కాసిందో కూడా అడగాలి కదా.

మన దగ్గర ఈ జాగ్రత్త ఇప్పుడు చాలా అవసరం. పేటెంట్లు వందకు పైగా అని ఒక ఇంజనీరింగ్ కాలేజీ గేటు దగ్గర ఫ్లెక్సీ చూసి, లోపలికి వెళ్లి వివరం అడిగాను. అన్నీ పబ్లిష్ అయినవి. మంజూరైనవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. పబ్లిష్ కావడమంటే దరఖాస్తు పేటెంట్ ఆఫీసు జర్నల్‌లో అచ్చు కావడం. మామూలుగా 18 నెలలకు అచ్చవుతుంది, ఫీజు కట్టి అడిగితే ఇంకా ముందే అవుతుంది. దానికి పరీక్ష లేదు, ఎవరూ చదివి బాగుందని చెప్పినట్టు కాదు. 2021లో విద్యాసంస్థలకు పేటెంటు ఫీజు 80 శాతం తగ్గింది. కాలేజీలకు కేంద్రం ఇచ్చే ఎన్.ఐ.ఆర్.ఎఫ్. ర్యాంకుల్లో పబ్లిష్ అయినదానికీ మార్కులున్నాయి. అలాంటప్పుడు అంకె పెరగడంలో వింతేముంది? నాకు బాధ కలిగించింది అది కాదు. ఆ కాలేజీలో నిజంగా మంచి పని చేసిన పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్ల పని ఆ వందలో కలిసిపోయి కనపడకుండా పోయింది.

ఇక ఆ ముగ్గురి దగ్గరికి వద్దాం. వాళ్ల పని ఒక సవాలుకు జవాబు. 1991లో ఆర్థికశాస్త్రజ్ఞుడు పాల్ క్రుగ్మన్ భూగోళం, వాణిజ్యం మీద ఒక చిన్న పుస్తకం రాశారు. ఒకే రకం పరిశ్రమలు ఒకేచోట ఎందుకు గుమిగూడతాయన్నది అందులో ప్రశ్న. ఒకరి తెలివి పక్కవారికి ఊటలా దిగడం ఒక కారణం కావచ్చు, కానీ ఆ ఊట కంటికి కనపడదు, కాగితం మీద జాడ వదలదు, దాన్ని కొలవలేం, కాబట్టి దాని గురించి ఏమైనా ఊహించుకోవచ్చు అన్నారాయన. చెలక అంచున నిలబడి ఊట గురించి మాట్లాడే రైతుకు ఆ మాట నిజమనే తోస్తుంది. పై చేనుకు పెట్టిన నీరు కింది చేనులో చెమ్మగా తేలుతుంది. ఎటునుంచి ఎటు పోయిందో ఎవరూ చూడలేదు.

ముగ్గురూ ఇచ్చిన జవాబు సూటిగా ఉంది. కొన్నిసార్లు జాడ ఉంటుంది. పేటెంటులోని ఉటంకింపే ఆ జాడ.

మామూలు పరిశోధకుడైతే ఇక్కడితో పని సగం అయిపోయిందనుకునేవాడు. ఉటంకించిన పేటెంటు అదే ఊరిదా, వేరే ఊరిదా చూడటం, అదే ఊరివి ఎక్కువుంటే ఊట నిజమేనని రాసేయడం. వీళ్లు అలా రాయలేదు. ఎందుకు రాయలేదో ఒహాయోలోని ఏక్రన్ ఊరిని తలుచుకుంటే తెలుస్తుంది. గుడ్‌యియర్, ఫైర్‌స్టోన్, గుడ్‌రిచ్ మూడూ అక్కడివే. టైర్ల పనివాళ్లంతా ఆ ఊళ్లోనే ఉన్నప్పుడు ఒక టైరు పేటెంటును ఇంకో ఏక్రన్ పేటెంటు ఉటంకించిందంటే అందులో విశేషమేముంది? పక్కింటి తెలివి దిగబట్టి ఉటంకించారా, టైర్లవాళ్లు ఇంకెక్కడా లేకపోవడం వల్ల ఉటంకించారా? పోచంపల్లిలో ఒక చేనేత కార్మికుడు ఇంకో చేనేత కార్మికుడితో మాట్లాడాడని ఆశ్చర్యపోతామా? ఆ వీధిలో ఉన్నదంతా చేనేతవాళ్లే.

ఈ రెంటినీ విడదీయడానికి వాళ్లు చేసిన పని నాకు కంసాలి గీటురాయిని గుర్తుచేస్తుంది. నగ తెస్తే కంసాలి దాన్ని రాయి మీద ఒక గీత గీస్తాడు. ఆ ఒక్క గీతను చూసి ఏమీ చెప్పడు. పక్కనే మేలిమి ఎంతో తనకు తెలిసిన బంగారంతో ఇంకో గీత గీస్తాడు. రెండు గీతలనూ పక్కపక్కన పెట్టి చూస్తేనే మాట్లాడతాడు. వీళ్లు గీసిన జోడు గీత ఒక జోడు పేటెంటు. ఒక పాత పేటెంటును ఉటంకించిన ప్రతి కొత్త పేటెంటుకూ వాళ్లు ఒక జతను వెతికారు. అదే సాంకేతిక తరగతికి చెందాలి. దరఖాస్తు పడిన ఏడాదీ అదే కావాలి. కానీ ఆ పాత పేటెంటును ఉటంకించి ఉండకూడదు. ఇప్పుడు ప్రశ్న మారిపోయింది. ఉటంకించినవి సొంత ఊరివి ఎన్ని అని కాదు, వాటి జతల్లో అదే ఊరివి ఎన్ని, వాటితో పోలిస్తే వీటి సంఖ్య ఎంత ఎక్కువ అని.

ఏక్రన్‌లో టైర్లవాళ్లు ఎక్కువున్న సంగతి జతల్లోనూ అంతే ఉంటుంది. కాబట్టి అది రెండు పక్కలా కొట్టుకుపోతుంది. మిగిలేది ఊట. లెక్కల పుస్తకంలోని పెద్ద సూత్రమేమీ లేకుండా, ఒక పొందికైన పోలికతో ఇంత పని జరిగింది. నేను దీన్ని మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను.

పని చేసిన పరిమాణం చిన్నది కాదు. 1975, 1980 సంవత్సరాల నాటి రెండు వేలకు పైగా పేటెంట్లను ఎంచుకున్నారు. కొన్ని యూనివర్సిటీలవి, కొన్ని పెద్ద కంపెనీలవి, కొన్ని మామూలు కంపెనీలవి. 1989 చివరిదాకా వాటిని ఉటంకించిన దాదాపు పదివేల ఉటంకింపులను పట్టుకున్నారు. ప్రతిదానికీ జత వెతికారు. ప్రతి పేటెంటుకూ ఊరు నిర్ణయించారు. ఒక పేటెంటులో అయిదుగురు ఆవిష్కర్తలు మూడు ఊళ్లవాళ్లయితే ఎక్కువమంది ఏ ఊరివాళ్లో ఆ ఊరికి చేర్చారు. చదవడానికి ఒక వాక్యం. చేసినవాళ్లకు అవి నెలలు.

ఇంకొక జాగ్రత్త చూడండి. ఒక కంపెనీ తన పాత పేటెంటును తానే ఉటంకిస్తే అది ఊట కాదు, సొంత బావి నీళ్లు. అలాంటివాటిని విడిగా తీసేసి మళ్లీ లెక్కగట్టారు. తీసేయకముందు అంకెలు చాలా ఘనంగా ఉన్నాయి. ఘనంగా ఉన్న అంకెను చేతులారా తగ్గించుకోవడానికి మనసు ఒప్పాలి. తగ్గించాక కూడా 1980 నాటి పేటెంట్లలో, ఉటంకించిన పేటెంటు అదే మహానగర ప్రాంతంలోది అయ్యే అవకాశం దాని జతకన్నా రెండింతల నుంచి ఆరింతల దాకా ఉంది. ఏళ్లు గడిచేకొద్దీ ఈ తేడా తగ్గుతూ వస్తుంది, కానీ నెమ్మదిగా. యూనివర్సిటీల మౌలికమైన పని త్వరగా నలుదిక్కులా పాకుతుందని అందరూ అనుకునేవారు. ఆ ఊహకు మాత్రం వాళ్లకు ఆధారం దొరకలేదు. దొరకలేదని రాశారు.

తప్పులు పట్టినవాళ్లు లేకపోలేదు, వాళ్లదీ మంచి పనే. 2005లో పీటర్ థాంప్సన్, మెలనీ ఫాక్స్-కీన్ ఆ జతల మీదే అనుమానం లేవనెత్తారు. సాంకేతిక తరగతి మరీ విశాలంగా ఉందన్నారు. రబ్బరు అనే పెద్ద తరగతిలో టైరూ ఉంటుంది, గొట్టమూ ఉంటుంది. రెండూ జత ఎలా అవుతాయి? తరగతులను ఇంకా సన్నగా చీల్చి జతలు కట్టి చూస్తే, దేశాల మధ్య తేడా నిలిచింది గానీ దేశం లోపల ఊరి ఊట ఆనవాలు కనపడలేదన్నారు. పాత ముగ్గురూ జవాబు రాశారు. మరీ సన్నగా చీలిస్తే పోల్చడానికి ఏం మిగులుతుందన్నది వాళ్ల వాదన. నాకు రెండు పక్షాల మాటలోనూ న్యాయం కనిపిస్తుంది. గీటురాయి గరుకుగా ఉండకూడదు, మరీ నున్నగా ఉంటే గీతే పడదు.

ఇంకా పెద్ద చిక్కు ఇంకొకటుంది. ఉటంకింపులన్నీ ఆవిష్కర్త రాసినవి కావు. పేటెంట్ ఆఫీసులో దరఖాస్తును పరీక్షించే ఎగ్జామినర్ కూడా పాత పేటెంట్లు వెతికి జాబితాలో చేరుస్తాడు. 2001 నుంచి అమెరికా పేటెంట్లలో ఎగ్జామినర్ చేర్చినవాటి పక్కన నక్షత్రం గుర్తు వేస్తున్నారు. చూస్తే అవి చాలానే ఉన్నాయి. ఆవిష్కర్త జన్మలో చూడని పేటెంటు అతని జాబితాలో ఉంటే దాన్ని ఊట అని ఎలా అంటాం? ఇన్నేళ్ల పని మునిగిపోయినట్టే అనిపించింది చాలామందికి.

అదే థాంప్సన్ 2006లో ఈ చిక్కునే పనిముట్టుగా చేసుకున్నారు. ఒకే పేజీలో ఒకే పేటెంటు కింద రెండు జాబితాలు దొరికాయి కదా. ఒకటి ఆ ఊళ్లో బతికే ఆవిష్కర్త రాసింది, ఇంకొకటి ఎక్కడో ఆఫీసులో కూర్చున్న ఎగ్జామినర్ రాసింది. ఎగ్జామినర్‌కు ఏక్రన్‌లో స్నేహితులు లేరు, అక్కడి టీకొట్టు దగ్గర మాటలు చెవిన పడవు. కాబట్టి అతని జాబితాయే జోడు గీత. బయటికి వెళ్లి జత వెతకనక్కర్లేదు, తరగతి సన్నమా వెడల్పా అన్న గొడవ లేదు. పోల్చి చూస్తే ఆవిష్కర్త రాసినవి సొంత ప్రాంతానివి అయ్యే అవకాశం దాదాపు పాతిక శాతం ఎక్కువ. ముందు ముగ్గురూ చెప్పినంత పెద్ద అంకె కాదు. కానీ ఊట ఉంది. తాను తప్పు పట్టిన ఇంటిని తానే నిలబెట్టిన ఈ మనిషి పట్ల నాకు చాలా గౌరవం.

వీళ్లంతా పేటెంటు ఉన్న పనినే చూశారు. అసలు పేటెంటే లేని పని మాటేమిటి? పెట్రా మోజర్ అనే ఆర్థిక చరిత్రకారిణి ఆ ప్రశ్నను పట్టుకుని 1851 నాటి లండన్‌కు వెళ్లారు. హైడ్ పార్కులో అద్దాల మేడ కట్టి ప్రపంచ దేశాల వస్తువులన్నీ పెట్టిన ఏడాది అది. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని మనవాళ్లు చెప్పుకునే కోహినూరు కూడా ఆ మేడలో ఉంది. చూసినవాళ్లు అది మెరవడం లేదని పెదవి విరిచారు. మరుసటి ఏడాది దాన్ని మళ్లీ సానబెట్టించారు. మోజర్ చూపు వజ్రాల మీద లేదు, కేటలాగు మీద ఉంది. ఏ ఊరివారు ఏ వస్తువు తెచ్చారు, దానికి పేటెంటు ఉందా లేదా అని కేటలాగులో ఉంది. బ్రిటన్ నుంచి వచ్చిన వస్తువుల్లో పేటెంటు ఉన్నవి నూటికి పదకొండు. మిగతా ఎనభై తొమ్మిదీ కొత్తవే, ప్రదర్శనకు తగినవే. పేటెంట్ చిట్టాలో మాత్రం వాటి జాడ లేదు.

ఏ రంగంలో పనిని రహస్యంగా దాచుకోవచ్చో అక్కడివాళ్లు పేటెంటు జోలికి పోలేదు. రసాయనాల తయారీ అలాంటిది. చూసి కనిపెట్టలేరు. 1869లో మెండెలీవ్ ఆవర్తన పట్టిక వచ్చాక మూలకాల గుట్టు విప్పడం తేలికైంది, దాచుకోవడం కష్టమైంది. రసాయనాలవాళ్లు పేటెంట్ల వైపు మళ్లారు. దాంతోపాటు ఇంకొకటి జరిగిందని మోజర్ చూపించారు. గుట్టుగా ఉన్నన్నాళ్లూ కొన్ని ఊళ్లకే అతుక్కుని ఉన్న ఆ పని, కాగితం మీదికి ఎక్కి అందరికీ చదవడానికి దొరికాక దూర ప్రాంతాలకు పాకింది.

పేటెంటు చిట్టా పూర్తిగా చూపించలేని పని మన దగ్గరా ఒకటుంది. యాదాద్రి భువనగిరి జిల్లా ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారి ఇల్లు చేనేత ఇల్లు. వాళ్ల అమ్మ లక్ష్మి గారు ఆసు పోసేవారు. చీర నేసేముందు రంగులు అద్దడానికి నూలును అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ చేత్తో తిప్పడమే ఆసు. ఒక్క చీరకు చెయ్యి దాదాపు తొమ్మిది వేల సార్లు మీటరు దూరం వెళ్లి రావాలి. గంటల తరబడి ఆ పనే, రోజూ ఆ పనే. భుజాలు పడిపోయేవి. బడి మధ్యలో ఆపేసిన ఆ కుర్రాడు ఏళ్లపాటు కర్రతో, ఇనుముతో తంటాలు పడి 1999 నాటికి ఆసు పోసే యంత్రం తయారుచేశారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. పేటెంటు వచ్చింది, 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన మీద సినిమా వచ్చింది.

రాష్ట్రాల పట్టికలో ఆ యంత్రం విలువ ఒకటి. దాన్ని ఉటంకించిన పేటెంట్ల కోసం వెతికితే ఊట దొరకదు. ఈ ఊట ఇల్లిల్లూ దిగింది, ఆలేరు నుంచి పోచంపల్లి చుట్టుపక్కల ఊళ్ల దాకా. మోజర్ లాగా కేటలాగు పట్టుకుని, జాఫీ వాళ్లలాగా యంత్రం ఉన్న ఇంటికీ లేని ఇంటికీ జత కట్టి, ఎవరైనా ఆ వీధుల్లో తిరిగి లెక్క రాయాలని నా కోరిక. ఏ ఇంట్లో మధ్యాహ్నానికే ఆసు అయిపోతోంది, ఏ ఇంట్లో అమ్మ ఇంకా భుజం పట్టుకుని కూర్చుంటోంది, ఆ ఇంటికీ ఈ ఇంటికీ మధ్య ఎన్ని గుమ్మాలున్నాయి. వెళ్లినవాళ్లు యంత్రం పేరు అడిగితే ఆ వీధిలో ఎవరైనా చెబుతారు. మల్లేశం గారు దానికి అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం అని.